ఫిరంగుల గడ్డపై అక్షర దీపం
గన్‌ఫౌండ్రీ ఆల్‌ సెయింట్స్‌ పాఠశాలకు నూటయాభై ఏళ్లు దాటిన చరిత్ర

హైదరాబాద్‌: ఒకప్పుడు ఫిరంగులు పోతపోసిన చోటు అది. నేడు బడిగంటలు మోగుతున్నాయి. అబిడ్స్‌, నాంపల్లిలకు కూతవేటు దూరంలోని గన్‌ఫౌండ్రీ పేరు వినగానే పాత తరం నగరవాసులకు గుర్తొచ్చేది ఆల్‌ సెయింట్స్‌ ఉన్నత పాఠశాల. 1855లో ప్రారంభమైన ఈ విద్యాలయం నగరంలోని అతి పురాతన పాఠశాలల్లో ఒకటి. దీని గాథ తెలియాలంటే ముందుగా అది వెలసిన పేట చరిత్ర తెలుసుకోవాలి.

పేరు అలా వచ్చింది

రెండో నిజాం అలీఖాన్‌ కొలువులో ఫ్రెంచి సేనాని మిషెల్‌ జోకిం మారీ రేమాండ్‌ ఉండేవాడు. దక్షిణ ఫ్రాన్స్‌లోని సెరిన్యాక్‌ అనే చిన్న ఊరిలో 1755లో జన్మించాడు. యువకుడిగా పుదుచ్చేరి చేరి, క్రమంగా నిజాం సైన్యంలో కీలక స్థానానికి ఎదిగాడు. 1786లో ఆయన ఇక్కడ ఫిరంగుల కర్మాగారం నెలకొల్పాడు. లోహాన్ని కరిగించి అచ్చుల్లో పోసి ఫిరంగులు తయారు చేసేవారు కాబట్టి జనం ‘తోప్‌ కా సాంచా’ అన్నారు. అంటే ఫిరంగి అచ్చు అని అర్థం. ఆంగ్లంలో అదే గన్‌ఫౌండ్రీ అయింది.

రేమాండ్‌ను హిందువులు మూసా రాముడని, ముస్లింలు మూసా రహీం అని పిలిచేవారని ప్రతీతి. మూసారాంబాగ్‌కు ఆయన పేరే మిగిలింది. 1798 మార్చి 25న ఆయన మరణించాడు. అదే ఏడాది సెప్టెంబర్‌ 1న నిజాం ఆంగ్లేయులతో సంధి చేసుకోవడంతో అక్టోబర్‌లో ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేశారు.

1855లో అంకురం

ఫ్రెంచి దళం కనుమరుగైన అర్ధ శతాబ్దం తర్వాత ఈ ప్రాంతం చదువులకు నెలవైంది. పాఠశాల ఏర్పడిన కాలంలో హైదరాబాద్‌ కథోలిక మిషన్‌కు ఐర్లాండ్‌లోని కార్క్‌ ప్రాంతానికి చెందిన బిషప్‌ డేనియల్‌ మర్ఫీ నాయకత్వం వహించారు. అనంతరం ఆయన ఆస్ట్రేలియాలోని హోబార్ట్‌ పీఠానికి వెళ్లారు.

ఆల్‌ సెయింట్స్‌ అంటే సకల పునీతులు. కథోలికులు ఏటా నవంబర్‌ 1న వీరి పండుగ జరుపుకొంటారు. ప్రస్తుతం పాఠశాల మోంట్‌ఫర్ట్‌ బ్రదర్స్‌ ఆఫ్‌ సెయింట్‌ గాబ్రియేల్‌ సంస్థ ఆధ్వర్యంలో నడుస్తోంది. ఫ్రాన్స్‌లో పుట్టిన ఈ సంస్థ సభ్యులు 1903లో భారతదేశానికి వచ్చారు. 1953లో ఏర్పడిన అబిడ్స్‌ చిరాగ్‌అలీ లేన్‌లోని లిటిల్‌ ఫ్లవర్‌ ఉన్నత పాఠశాల కూడా వీరిదే.

చుట్టూ విద్యాలయాలే

నగరంలో ఇన్ని పాత పాఠశాలలు ఒకేచోట ఉన్న ప్రాంతం అరుదు. 1834 నాటి సెయింట్‌ జార్జి గ్రామర్‌ స్కూలు, 1904లో ఏర్పడిన రోజరీ కాన్వెంట్‌, ఆలియా, మహబూబియా బడులు కొద్ది దూరంలోనే ఉన్నాయి. సమీపంలోని సెయింట్‌ జోసెఫ్‌ కెథడ్రల్‌ నిర్మాణం 1870 దశకంలో సాగింది. ఆరో నిజాం హయాంలో ఆల్బర్ట్‌ అబిద్‌ తెరిచిన దుకాణం పేరిట అబిడ్స్‌ వెలిసింది.

క్రికెట్‌కు పుట్టిల్లు

ఆల్‌ సెయింట్స్‌కు దేశవ్యాప్త కీర్తి తెచ్చింది మాత్రం క్రికెట్టే. 1967లో అడిలైడ్‌లో తన తొలి టెస్టులోనే 55 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీసిన సయ్యద్‌ అబిద్‌ అలీ ఇక్కడి పూర్వ విద్యార్థి. ఆయన 2025లో కన్నుమూశారు. తొలి మూడు టెస్టుల్లోనూ శతకాలు సాధించి 1984-85లో సంచలనం సృష్టించిన మహమ్మద్‌ అజారుద్దీన్‌, 28 టెస్టుల్లో 93 వికెట్లు పడగొట్టిన ఎడమచేతి స్పిన్నర్‌ వెంకటపతి రాజు కూడా ఈ బడి బిడ్డలే. పక్కనే ఫతే మైదాన్‌ ఉండటం ఈ ప్రాంత కుర్రాళ్లకు కలిసొచ్చింది.

కాపాడుకోవాల్సిన ఆనవాళ్లు

బడి నిలిచింది గానీ ఆ పేటకు పేరిచ్చిన కర్మాగారం శిథిలమైంది. మందపాటి గోడల భాగాలే నేడు చుట్టూ పెరిగిన భవనాల మధ్య మిగిలాయి. బస్సులో వెళ్లేవారికి గన్‌ఫౌండ్రీ ఒక స్టాపు పేరు మాత్రమే. మలక్‌పేట సమీపంలోని రేమాండ్‌ సమాధి వద్ద మండపం కూలిపోగా తర్వాత పునర్నిర్మించారు. ఆ శ్రద్ధ ఇక్కడా చూపితే, తాము రోజూ నడిచే దారి చరిత్రను పిల్లలు పుస్తకంలో కాక కళ్లెదుటే చదువుకోగలుగుతారు.