చట్రము మారిన చిత్రము

అల్వాలు వేంకటేశ్వరాలయపు చుట్టుపట్ల ఇండ్లలో పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లపై నిలిచిన పెండ్లిండ్లన్నియు 4:3 చట్రమునకు అమర్చి తీసినవి. నేటి 16:9 తెరకై వానిని సాగదీసినచో వధూవరులు స్థూలకాయులగుదురు. వెడల్పు నిండునట్లు పెంచినచో ఎత్తులో నాలుగవ వంతు పోయి, పైన బాసికమో క్రింద తలంబ్రాల పళ్లెమో ఖండితమగును. ఉన్నది ఉన్నట్లుంచినచో ఇరువైపుల నల్లని పట్టీలు మిగులును. ఆ పట్టీలను అదే దృశ్యపు మసకబింబముతో కప్పుట ఇటీవలి వేషము, నాకది రుచింపదు.

వెండితెరకును ఈ చిక్కు తప్పలేదు. 1953లో హాలీవుడ్డున వెలసిన వెడల్పు తెర, సినిమాస్కోపు, 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో తెలుగువారికి దక్కెను. అంతకు పూర్వమే, 1957లో, ఇంచుమించు చతురస్రమగు చట్రమున తీసిన ‘మాయాబజార్’కు 2010లో రంగులద్ది, సినిమాస్కోపుగా విడుదల చేసిరి. 1.37 నిష్పత్తిగల బొమ్మతో 2.35 తెరను నింపుటయన్న ఎత్తులో నూటికి 42 పాళ్లు వదలుకొనుటయే. ఆ చిత్రపు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే నిలువెత్తున పట్టిన ఘటోత్కచుని శిరస్సును విడుతుమా, ఎదుటి భోజనపాత్రలను విడుతుమా యనునది షాటుషాటునకును వేఱుగా తేల్చుకొనవలసినదే.