పిల్లల కీళ్లవాతం - రక్షకులను అదుపు చేసే కణాలు

కీళ్లవాతం అనగానే మనకు ముసలితనం జ్ఞాపకం వస్తుంది. కాని అయిదారేళ్ల పిల్లలకు సైతం మోకాళ్లు వాచి, ఉదయం లేవగానే కాళ్లు బిగుసుకొనిపోయే వ్యాధి ఒకటి ఉన్నది. 16 ఏళ్లు నిండకముందే మొదలై, కనీసం 6 వారాలు నిలిచి, వేరే కారణమేదీ కనబడని కీళ్లవాపును వైద్యులు ఈ పేరుతో వ్యవహరిస్తారు. ఇందులో దేహాన్ని కాపాడవలసిన కణాలే కీళ్లపై తిరగబడుతున్నవి. ఎందుచేత? ఈ ప్రశ్నకు నూరేళ్లకు పైబడిన చరిత్ర కలదు.

1897లో లండన్ నగరంలో జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్ అనే యువవైద్యుడు ఇట్టి 22 మంది పిల్లల వృత్తాంతాలను ప్రకటించినాడు. కొందరిలో కీళ్లతోపాటు ప్లీహమూ, శోషరస గ్రంథులూ ఉబ్బి ఉండటం అతడు గమనించినాడు. అవి లింఫోసైట్లు అనే తెల్లకణాలకు స్థావరాలు. అయితే ఆ కణాల పని ఏమిటో ఆనాడు ఎవరికీ తెలియదు.

కొద్ది సంవత్సరాలకే జర్మనీలో పాల్ ఎర్లిక్ ఒక సందేహం లేవదీసినాడు. క్రిములను చంపగల శక్తి సొంత అవయవాల మీదికి ఎందుకు తిరగదు? అట్లు తిరగనీయని ఏర్పాటేదో దేహంలో ఉండి తీరవలెనని అతడు భావించినాడు.

ఆ ఏర్పాటు జాడ తెలియడానికి చాలాకాలం పట్టినది. రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథి రోగనిరోధక శక్తికి ఆధారమని 1961లో జాక్ మిల్లర్ చూపినాడు. ఈ గ్రంథిలో పరిపక్వమయ్యే లింఫోసైట్లకే టి-కణాలని పేరు. 1969లో జపానులో నిషిజుకా, సకకురా అనేవారు పుట్టిన 3వ రోజున చుంచెలుకల థైమస్‌ను తీసివేయగా, వాటి అండకోశాలు నశించినవి. అది సొంత కణాల దాడియేనని తరువాత తేలినది. అనగా, దాడిచేసే కణాలే కాక, వాటిని ఆపే కణాలు కూడ థైమస్ నుండియే రావలెను.

ఆపే టి-కణాలున్నవని 1970 ప్రాంతంలో అమెరికాలో రిచర్డ్ గెర్షన్ చెప్పినాడు. కాని సరియైన గుర్తు దొరకక, 1980లలో ఆ భావన అపఖ్యాతి పాలైనది. పట్టు విడువని వాడు జపాను శాస్త్రజ్ఞుడు షిమోన్ సకగూచి. సిడి25 అనే గుర్తుగల టి-కణాలను తొలగించి, తక్కిన వాటిని టి-కణాలు లేని చుంచెలుకలకు ఎక్కించగా వాటికి స్వయంనాశక వ్యాధులు వచ్చినవని, తొలగించినవాటిని తిరిగి ఇయ్యగా వ్యాధులు రాలేదని అతడు 1995లో నిరూపించినాడు. ఇవే నియంత్రక టి-కణాలు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ కనుగొన్న ఫాక్స్‌పి3 అనే జన్యువు వీటికి ప్రాణమని తరువాత తెలిసినది. ఈ మువ్వురికి 2025లో నోబెల్ బహుమానం లభించినది.

ఇక తిరిగి మోకాలి వద్దకు వద్దాం. ఇద్దరు పిల్లలకు ఒకే విధంగా మోకాలు వాస్తుంది. ఒకరిలో వ్యాధి 4 కీళ్లకు మించదు. మరొకరిలో ఆరు నెలల తరువాత ఇంకా పాకిపోతుంది. 2004లో నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ పరిశోధకులు రక్తాన్ని పరీక్షించగా, పాకని రకం వ్యాధిగల పిల్లల్లో నియంత్రక కణాల పాలు ఎక్కువగా కనిపించినది. అయితే ఆ కణాలుండి కూడ వాపు ఎందుకు తగ్గడం లేదు? 2011లో అదే నగరంనుండి సమాధానం వచ్చినది. కీలులోని నియంత్రక కణాలు పనిచేయగలిగినవే. కాని దాడిచేసే కణాలలో ఒక రసాయన సంకేతం మితిమీరి, అవి మాట వినడం లేదు. తరగతిలో మానిటరు గట్టిగానే చెప్పుచున్నాడు, అల్లరి పిల్లల చెవికెక్కడం లేదన్నమాట! కనుక మానిటర్ల సంఖ్యను పెంచినంత మాత్రాన చాలదు. వినని వారిని శాంతింపజేసే మార్గం కూడ వెదకవలెను.

ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగిన సంగతి మరొకటి. ఈ వ్యాధిలో బిగువు ఉదయం ఎక్కువ, పోనుపోను తక్కువ. మొదటి గంటలో కుంటుచు వచ్చి, మధ్యాహ్నం పరుగెత్తే పిల్లవానిని బడిదొంగ అనుకొనకుండా, ఒకసారి వైద్యునికి చూపించమని తల్లిదండ్రులకు చెప్పుట మేలు.