అనుమానితుని వీపు మీది దెబ్బ

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) పై శాంతి శుభాలు వర్షించుగాక!

ప్రియ సోదరులారా! షామ్ దేశంలో పన్ను బాకీ పడిన ముస్లిమేతర రైతులను మండుటెండలో నిలబెట్టడం హజ్రత్ హిషామ్ బిన్ హకీమ్ (రజి) చూశారు. లోకంలో జనాన్ని హింసించేవారిని అల్లాహ్ శిక్షిస్తాడన్న ప్రవక్త హెచ్చరికను అక్కడి పాలకునికి వినిపించి, వారిని విడిపించారు.

మన సీమకు కూడా ఆ ఎండ తెలుసు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాలలో కడప ఒకటి. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు కోసం, నేరం ఒప్పించడం కోసం జరిగిన హింసను 1855 నాటి విచారణ సంఘం నివేదిక బయటపెట్టింది. ఎండలో వంగబెట్టి నిలపడం, వ్రేళ్ళను కొయ్యల మధ్య నొక్కడం అందులోనివే. పోలీసుల ఎదుట చేసిన నేరాంగీకారం నిందితునిపై రుజువు కాజాలదని 1872 సాక్ష్య చట్టం శాసించింది.

అయినా, 2007 మే 18న, జుమా రోజున, హైదరాబాదు మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది మరణించారు. ఆపై పోలీసు కాల్పులలో మరో ఐదుగురు చనిపోయారు. అప్పుడు ముఖ్యమంత్రి మన పులివెందుల ప్రతినిధి వై.ఎస్. రాజశేఖరరెడ్డి. పదులకొద్దీ ముస్లిం యువకులను పోలీసులు పట్టుకుపోయారు. వారిని చిత్రహింసలు పెట్టారని మైనారిటీల కమిషన్ నియమించిన న్యాయవాది రవిచందర్ నివేదిక తెలిపింది. నిర్దోషులుగా బయటపడినవారితో సహా 70 మందికి 2012లో ప్రభుత్వం 70 లక్షల రూపాయల పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టివేసింది. తరువాత వేరే నిందితులపై నడిచిన కేసును కూడా 2018 ఏప్రిల్ 16న న్యాయస్థానం కొట్టివేసింది. మృతుల కుటుంబాలకు దోషి ఎవరో నేటికీ తేలలేదు.

ఒకనిని బాధించి వందమందిని కాపాడవచ్చు గదా అని కొందరంటారు. ఆ ఒక్కడే దోషి అని ముందే తెలిస్తే విచారణ ఎందుకు? ఆకలి, భయం, నిర్బంధం మనిషిచేత తనపై తానే అబద్ధం చెప్పిస్తాయని హజ్రత్ ఉమర్ (రజి) ఏనాడో గ్రహించారు. దెబ్బలు తినేవాడు కొట్టేవాడు కోరినదే పలుకుతాడు. అసలు దోషికి ఆ వ్యవధి చాలు.

సొమ్ము పోగొట్టుకున్నవారు కొందరు నేతగాండ్రను అనుమానించి, హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి) వద్దకు తెచ్చారు. ఆయన వారిని కొన్నాళ్ళు నిర్బంధించి, కొట్టకుండానే వదిలారు. ఫిర్యాదుదారులు ఆక్షేపించగా, “కొట్టిస్తాను, సొమ్ము దొరకకపోతే అన్ని దెబ్బలూ మీ వీపులపై పడతాయి, సమ్మతమేనా?” అన్న అర్థంలో అడిగారు. ఇదే అల్లాహ్ తీర్పు, ప్రవక్త తీర్పు అని కూడా స్పష్టం చేశారు.

సోదరులారా! ప్రొద్దుటూరు బంగారు అంగడిలో నగ పోయినా, జమ్మలమడుగు మగ్గపు ఇంట పట్టు పోయినా, పనివానిని స్టేషనుకు అప్పగించి “నాలుగు తగిలించండి” అని మనమే అంటే, ఆ హింసలో మనకూ పాలున్నట్లే. మక్కా మసీదు యువకుల కోసం న్యాయం అడిగే నోటితో ఆ మాట అనరాదు. నిందితుడు ఏ మతస్థుడైనా, బాంబు మన మసీదులోనే పేలినా, రుజువునే కోరుదాం.

అల్లాహ్ మనలను దౌర్జన్యం చేయుట నుండి, దౌర్జన్యానికి గురి అగుట నుండి కాపాడుగాక! ఆమీన్.