మూర్ఛమందు చరిత్ర: భద్రత ఎక్కడున్నది?

ఒక మందు సురక్షితమా కాదా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మనం సాధారణంగా దాని రసాయన గుణాలను గురించే ఆలోచిస్తాం. ఎంత మోతాదు, ఎన్ని పూటలు, ఏ దుష్ఫలితాలు? ఇవి అవసరమైన ప్రశ్నలే. అయితే మూర్ఛరోగపు మందుల చరిత్రను పరిశీలిస్తే ఇంకొక సత్యం విశదమవుతుంది. ఒకే మందు ఒకచోట ప్రాణం నిలిపింది, మరొకచోట ప్రాణం తీసింది. భద్రతలో సగమే మాత్రలో ఉన్నది. మిగతా సగం దాన్ని ఎవరు, ఎవరికి, ఏ సంబంధాల మధ్య ఇస్తున్నారన్న దానిలో ఉన్నదని నా అభిప్రాయం.

మన పల్లెల్లో ఈ జబ్బును కాకిసోమాల అన్నారు. పడిపోయినవాడి చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు. చరకుడు అపస్మారాన్ని నాలుగు విధాలుగా విభజించి దేహదోషాల వికారంగా వివరించినా జనంలో గాలి, దయ్యం భయం పోలేదు. అంతమాత్రాన ఐరోపా మనకంటె చాలా ముందున్నదని అనుకోనక్కరలేదు. 1857లో లండన్ వైద్యసభలో చార్లెస్ లోకాక్ పొటాసియం బ్రోమైడు మూర్ఛలను ఆపుతుందని చెప్పాడు. ఆయన విక్టోరియా రాణికి పురుళ్ళు పోసిన వైద్యుడు. కామవాంఛకూ మూర్ఛకూ సంబంధం ఉన్నదన్న ఆనాటి నమ్మకమే ఆయనను ఆ మందు దగ్గరికి నడిపింది. నమ్మకం తప్పు, మందు మాత్రం పనిచేసింది. కాని ఎక్కువకాలం వాడితే ఒంటిమీద పొక్కులు, మందకొడితనం, మతిభ్రమ కలిగేవి. పిచ్చాసుపత్రుల్లో దాన్ని పెద్దఎత్తున వాడారు. రోగి నోరెత్తకుండా పడి ఉంటే చాలుననుకునే చోట మందకొడితనం దుష్ఫలితంగా ఎవరికి కనిపిస్తుంది?

1912లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఆల్‌ఫ్రెడ్ హాప్ట్‌మన్ అనే యువవైద్యుడు రోగులను శాంతపరచడానికి లూమినాల్ ఇచ్చి, వారికి ఫిట్లు తగ్గుతున్నాయని గమనించాడు. అది బేయర్ కంపెనీ అమ్మిన నిద్రమందు. దాని అసలు పేరు ఫినోబార్బిటోన్, మనవాళ్ళు గార్డినాల్‌గా ఎరిగినది అదే. బీదవాడికి అందుబాటులో ఉన్న మూర్ఛమందు ఈనాటికీ అదే.

ఆ మాత్ర చరిత్రలో ఒక చీకటి అధ్యాయం ఉన్నది. 1933 జూలైలో నాజీలు చేసిన నిర్బంధ వంధ్యీకరణ చట్టం వంశపారంపర్య మూర్ఛను కూడా తన జాబితాలో చేర్చింది. 1940 నుంచి వారి ఆసుపత్రుల్లో వికలాంగులైన పిల్లలను లూమినాల్ అధిక మోతాదులతో చంపారు. ఆ పిల్లల్లో మూర్ఛరోగులూ ఉన్నారు. దాని గుణం కనిపెట్టిన హాప్ట్‌మన్ యూదుడు కావడంచేత దేశం విడిచి పోవలసివచ్చింది. మందు మారలేదు, మోతాదు మారింది. ఆ మోతాదును నిర్ణయించినది వైద్యశాస్త్రం కాదు, ఫాసిస్టు రాజ్యం.

ఫాసిజం కూలిన తరువాత ఈ ప్రశ్న తీరిపోయిందా? లేదు, మరొక రూపం ధరించింది. 1960ల తొలిరోజుల్లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో వాల్‌ప్రోయేట్ గుణం బయటపడింది. 1967లో అది అమ్మకానికి వచ్చింది. మంచి మందే. కాని గర్భిణి వాడితే శిశువు వెన్నెముక లోపంతో పుట్టే ప్రమాదం పెరుగుతుందని 1982లోనే వైద్యపత్రికల్లో వచ్చింది. గర్భంలో ఈ మందు తగిలిన పిల్లల్లో సుమారు పదిమందిలో ఒకరికి అంగలోపాలు, నూటికి ముప్ఫైనుంచి నలభైమందికి బుద్ధివికాసంలో ఇబ్బందులు వస్తాయని తరువాత తేలింది. పత్రికలో అచ్చయిన సంగతి తల్లి చెవికి చేరడానికి దశాబ్దాలు పట్టింది. ఫ్రాన్సులో, ఇంగ్లండులో తల్లులు సంఘాలు కట్టి పోరాడిన తరువాతనే, 2018లో ఐరోపా గట్టి నిబంధనలు పెట్టింది.

గర్భం ధరించగోరే మూర్ఛరోగులకు ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. అమెరికాలో దాని సంశ్లేషణకు నాయకత్వం వహించినవాడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అయితే అది వాల్‌ప్రోయేట్ ప్రమాదాన్ని పూర్తిగా తొలగించదు. డాక్టరు సలహాతో ముందుగానే మందు మార్చుకోవడమే మార్గం. భయపడి ఒక్కసారిగా మానేస్తే ఆగని ఫిట్లు వచ్చి తల్లి ప్రాణానికే ముప్పు.

ముందుగా సలహా అడగాలంటే ముందుగా జబ్బు చెప్పుకోగలగాలి. మన ఆడపిల్ల చెప్పుకోగలదా? 1976 సవరణతో హిందూ వివాహచట్టం తరచు మూర్ఛలు రావడాన్ని వివాహానికి అనర్హతగా చేసింది. 1999లో గాని ఆ మాట తొలగించలేదు. ఇరవైమూడేళ్ళపాటు చట్టమే దాపరికాన్ని నేర్పింది. దాచి మింగే మాత్ర అత్తవారింట మొదటివారమే ఆగిపోతుంది.

నేనుండే దువ్వాడలో మగవాడి దాపరికానికి కారణం వేరు. జబ్బు సంగతి తెలిస్తే గుత్తేదారు పనిలోకి రానివ్వడు. నిద్రలేమి ఫిట్లను రేపుతుందని వైద్యులంటారు, ఆ మనిషికి వేసేది రాత్రి షిఫ్టు. కింగ్ జార్జి ఆసుపత్రికి పోయిరావడమంటే ఒకరోజు కూలి పోవడమే. అందుచేత మందు మధ్యలో ఆగుతుంది. ఈ ఊళ్ళోనే 1989లో ఎగుమతుల మండలం వెలిసింది. దానిలో తయారైన మందులు సముద్రాలు దాటిపోతున్నాయి. 1970 పేటెంటు చట్టం, సోవియట్ సహాయంతో హైదరాబాదులో నెలకొన్న ఐ.డి.పి.ఎల్. వేసిన పునాదులే తెలుగుదేశాన్ని ఔషధాల గడ్డగా చేశాయి. ఉత్పత్తి సమస్య చాలావరకు తీరింది, పంపిణీ సమస్య తీరలేదు. ప్రపంచంలో సుమారు 5 కోట్లమంది మూర్ఛరోగుల్లో సరైన చికిత్స అందితే నూటికి 70 మంది ఫిట్లు లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెబుతున్నది. ఏడాదికి అయ్యే మందు ఖర్చు 5 డాలర్లే కావచ్చునని కూడా అంటున్నది.

కాబట్టి "మందు జాగ్రత్తగా వాడండి" అని రోగికి చెప్పి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఉపాధ్యాయులు తరగతిలో తాళంచెవుల గుత్తిని తీసివేయించి, ఫిట్ వచ్చినవాణ్ణి పక్కకు ఒత్తిగిలబెట్టాలనీ, నోట్లో ఏమీ పెట్టకూడదనీ, ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకుపోవాలనీ నేర్పవచ్చు. కార్మికసంఘాలు రోగికి పగటి షిఫ్టును, కూలి పోని ఆసుపత్రి సెలవును, ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో ఎడతెగని మందును కోర్కెల పత్రంలో చేర్చవచ్చు. మనిషి తన జబ్బు పేరు నలుగురిలో చెప్పుకొని కూడా పని, పెళ్ళి, గౌరవం నిలుపుకోగలిగిననాడే ఆ మాత్ర నిజంగా సురక్షితమవుతుంది.