చిన్న తెరచాప పడవకు పోర్టబుల్ టాయిలెట్: ఏ సైజు కొనాలి?

20, 22 అడుగుల తెరచాప పడవలో పైపులతో పక్కా టాయిలెట్ బిగించడానికి చోటు దొరకడం కష్టం. అమెరికాలో ఇలాంటి పడవలున్న చాలామంది పోర్టబుల్ టాయిలెట్‌తోనే సరిపెట్టుకుంటారు. ఇందులో రెండు పెట్టెలుంటాయి. పైదాంట్లో సీటు, శుభ్రమైన నీళ్లు. కిందిదాంట్లోకి మలినం చేరుతుంది. మధ్యలో లాగి తెరిచే పలక ఉంటుంది, వాడాక మూసేస్తే వాసన పైకి రాదు.

కొనేవాళ్లు ముందు అడిగేది ట్యాంకు ఎన్ని లీటర్లని. అడగాల్సింది నిండాక దాన్ని మోసేదెవరని. థెట్‌ఫోర్డ్ పోర్టా పోటీ 335లో కింది ట్యాంకు 10 లీటర్లు, 565లో 21. అంటే పెద్దది నిండితే 21 కిలోల పైమాటే. దాన్ని పట్టుకుని కేబిన్ మెట్లెక్కి, ఊగే పడవ నుంచి జెట్టీ మీదికి దిగాలి. చేయి జారితే ఇంక చెప్పక్కర్లేదు.

అలాగని చిన్నదే మంచిదనీ కాదు. 335 ఎత్తు సుమారు 31 సెంటీమీటర్లే; మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కూర్చుని లేవడం నరకం. 565 సుమారు 45, ఇంట్లో కమోడ్‌లా ఉంటుంది. కానీ పడక కింద అరలో పట్టకపోవచ్చు. కొనేముందు టేపుతో కొలవాలి, మూత పూర్తిగా తెరుచుకునేంత ఖాళీతో కలిపి.

మన ఇళ్లలో ఇంకో లెక్క ఉంది. కంపెనీలు చెప్పే లెక్కలు టిష్యూ వాడేవాళ్లవి. ఇస్తింజాకు లోటాతో అర లీటరు పోస్తే, మూత్రం, ఫ్లష్ నీళ్లతో కలిపి ఒక్కసారికి లీటరు దాకా అవుతుంది. 10 లీటర్ల ట్యాంకు పది పన్నెండు సార్లకే నిండుతుంది. నలుగురుంటే ఒక్క రోజు కూడా రాదు. నొక్కితే సన్నగా ధార వచ్చే సీసాతో 200 మిల్లీలీటర్లలో పని అవుతుంది. కుటుంబంతో రాత్రి ఉండాలనుకుంటే మాత్రం పెద్దదే తీసుకోవాలి, మోయడానికి ఇద్దరుండాలి.

నీళ్లలో పారబోద్దామంటే కుదరదు. అమెరికా తీరం నుంచి 3 మైళ్ల లోపు శుద్ధి చేయని మలమూత్రాలు వదలడం నిషేధం. చాలా మెరీనాల్లో ఖాళీ చేసే చోటు ఉంటుంది, ఆ నీళ్లు సెప్టిక్ ట్యాంకులోకి వెళ్లేచోట ఫార్మాల్డిహైడ్ లేని ద్రవమే వాడాలి.

పడవ ఒరిగినా జారకుండా నేలకు క్లిప్పులు బిగించాలి. ఎండకు కింది ట్యాంకులో గాలి ఒత్తిడి పెరుగుతుంది, కాబట్టి సీటు మూత వేసి ఉంచే పలకను మెల్లగా లాగాలి. లేకపోతే మొహం మీద చిమ్ముతుంది.