యాంజైనా మందుల చరిత్ర – ఒమాన్‌లో ఒక తరం

నడుస్తుంటే ఛాతీలో బరువెక్కి, ఆగితే సర్దుకునే నొప్పి యాంజైనా. గుండె కండరానికి కావలసినంత రక్తం అందనప్పుడు వస్తుంది. లాటిన్‌లో ఆ పేరుకు గొంతు నులమడమని అర్థం. ఒమాన్‌లో వినిపించే అరబ్బీ పేరు ‘ధబ్హా సద్రియ్యా’లోని ధబ్హా కూడా మొదట గొంతు జబ్బుకే చెల్లేది. తెలుగువాళ్లు గుండె పట్టేసిందంటారు. ఏ భాషవాడైనా నొప్పి ఎలా ఉందని అడిగితే పిడికిలి బిగించి రొమ్ము మీద పెట్టి చూపిస్తాడు.

1768లో లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ ఈ నొప్పిని స్పష్టంగా వర్ణించాడు. మూలం మాత్రం ఆయనకు అంతుపట్టలేదు. మందు దొరకడానికి మరో వందేళ్లు పట్టింది. 1867లో లాడర్ బ్రంటన్ అమైల్ నైట్రైట్ ఆవిరి పీల్పించి ఉపశమనం చూపాడు. 1879లో విలియం మరెల్ నైట్రోగ్లిజరిన్ వాడాడు. డైనమైట్‌లో పేలేదీ అదే పదార్థం. డైనమైట్‌ను కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కే చివరి రోజుల్లో వైద్యులు ఈ మందు రాశారు. ఇది సిరలను వదులు చేస్తుంది, గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, గుండె మీద భారం దిగుతుంది. శరీరంలో ఇది నైట్రిక్ ఆక్సైడ్‌గా మారి పనిచేస్తుందని తేలడానికి మరో నూరేళ్లు కావలసివచ్చింది. ఆ పరిశోధనకు 1998లో నోబెల్ బహుమతి దక్కింది.

1960లలో జేమ్స్ బ్లాక్ రూపొందించిన ప్రొప్రనొలాల్ గుండె వేగాన్ని తగ్గించి, దాని ఆక్సిజన్ అవసరాన్నే కుదించింది. తర్వాత క్యాల్షియం నిరోధకాలు వచ్చాయి. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్లు నొప్పిని తగ్గించవు, గుండెపోటును దూరం పెడతాయి. నొప్పి లేదు కదా అని వీటిని మానేయడమే ప్రమాదం.

ఇంత చరిత్రా ఒమాన్‌కు ఒక్క మూటగా చేరింది. 1970కి ముందు అక్కడ ఆధునిక వైద్యమంటే ప్రధానంగా మత్రాలోని అమెరికన్ మిషన్ ఆసుపత్రే. డాక్టర్ వెల్స్ థామ్స్ 1939 నుంచి అక్కడ సేవ చేశాడు. ఆ ఏడాది సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాక, 1987లో రాయల్ హాస్పిటల్, 1990లో సుల్తాన్ ఖాబూస్ యూనివర్సిటీ ఆసుపత్రి మొదలయ్యాయి. జబ్బు కూడా అంతే తొందరగా పెరిగింది. కాలినడక పోయి కార్లొచ్చాయి. 2000 నాటి జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో మధుమేహం 11.6 శాతం. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు మధ్యస్థ వయసు మధ్యప్రాచ్యంలో 51, దక్షిణాసియాలో 53. కరీంనగర్ నుంచో గోదావరి జిల్లాల నుంచో గల్ఫ్‌కు వెళ్లిన కూలీకి ఈ లెక్క చాలా దగ్గరిది.

ఒమాన్ ఎండ కూడా మందులతో ముడిపడిన సంగతే. జూన్ నుంచి ఆగస్టు వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఆరుబయట పని చేయించకూడదని చట్టం ఉంది. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు రక్తపోటు పడిపోతుంది. దాని మీద నాలుక కింద నైట్రోగ్లిజరిన్ మాత్ర పెట్టుకుంటే కళ్లు తిరుగుతాయి, అందుకే కూర్చుని పెట్టుకోవాలి. ఈ మాత్ర వేడికి సత్తువ కోల్పోతుంది. గోధుమరంగు గాజుసీసాలోనే, బిగించిన మూతతో ఉండాలి. చొక్కా జేబులోనూ, ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీదా ఉంచకూడదు. మనవాళ్లు సార్బిట్రేట్ అని అడిగే ఐసోసార్బైడ్ డైనైట్రేట్ అంతకన్నా నిలకడైనది. అది పెట్టుకున్నా అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే ఒమాన్‌లో 9999కు ఫోన్ చేయాలి.

1977లో జ్యూరిక్‌లో వైద్యుడు గ్రుంట్‌జిగ్ బెలూన్‌తో గుండె ధమనిని తెరిచాక మందుల పని అయిపోయిందనుకున్నారు. కానీ నిలకడగా ఉన్న యాంజైనాలో స్టెంట్ (ధమనిని తెరిచి ఉంచే జాలీ గొట్టం) వేసినంత మాత్రాన మరణాలు తగ్గవని 2007 నాటి కరేజ్, 2020 నాటి ఇస్కీమియా అధ్యయనాలు చూపాయి. నొప్పి తగ్గించడంలో మాత్రం స్టెంట్ ఉపయోగపడుతుంది. స్టెంట్ వేయించుకున్నవాడికీ, వేయించుకోనివాడికీ మాత్రలు మాత్రం తప్పవు.