ఖిచిడీ పక్కన ఖట్టా

మార్చి 3 దగ్గర పడితే పత్రికలవాళ్లకు ఫలక్‌నుమా ప్యాలెస్ గుర్తొస్తుంది. 1884లో దానికి పునాదిరాయి పడింది ఆ రోజే. కట్టించింది పాయిగా వంశీకుడు వికార్-ఉల్-ఉమ్రా. ఆ ఖర్చు ఆయన్ని అప్పుల్లో ముంచింది. చివరికి భవనం ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వెళ్లింది. 1911లో పాషా కన్నుమూసింది కూడా అక్కడే. లోపల 101 మంది కూర్చుని తినే బల్ల ఉంది. ఏటా అందరం రాసేది ఇదే కాబట్టి ఇక్కడితో ఆపుతాను. నా మమకారమంతా కొండ దిగి ఇంజన్‌బౌలి, శంషీర్‌గంజ్ దాటి చార్మినార్ దాకా పోయే దారిలో, పొద్దున్నే హోటళ్లలో పెట్టే పళ్లెం మీద: పచ్చగా ఖిచిడీ, పక్కన ఖీమా, చిన్న గిన్నెలో ఖట్టా, పైన అప్పడం.

ఈ పళ్లేనికి చరిత్ర రాద్దామంటే వందల ఏళ్లు ఒక్క గెంతులో దాటాలి. 1591లో నగరం వెలిసింది, 1687లో గోల్కొండ మొగలుల వశమైంది, 1724లో అసఫ్‌జాహీలొచ్చారు. సామాన్యుడు పొద్దున ఏం తిన్నాడో ఎవరూ రాసిపెట్టలేదు. పాదుషాల వంటిల్లయితే తెలుసు. ఐన్-ఇ-అక్బరీ చెప్పే ఖిచిడీలో బియ్యం, పప్పు, నెయ్యి మూడూ సమపాళ్లే. అది తిని కచేరీకి పోయి పని చేసినవాళ్లెవరో! మొదటి నిజాముకు ఒక సూఫీ గురువు ఏడు కుల్చాలు పెట్టి ఏడు తరాల రాజ్యాన్ని దీవించాడని, అందుకే అసఫ్‌జాహీల జెండా మీద కుల్చా గుర్తు వచ్చిందని ఒక కథ. నిజమో కాదో గాని, తిండిని జెండా ఎక్కించడం ఈ ఊరికే చెల్లింది.

పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో యజ్ద్ వంటి ప్రాంతాల నుంచి బతుకుతెరువుకు బయల్దేరిన ఇరానీలు బొంబాయి, పూణెల మీదుగా ఇక్కడికి చేరారు. మూలమీది దుకాణాలు అచ్చిరావని స్థానికులు వదిలేస్తే వీళ్లు చవగ్గా పట్టుకుని చాయ్ హోటళ్లు పెట్టారంటారు. పాలరాతి బల్లలు, గోడలకు అద్దాలు, గల్లాపెట్టె దగ్గర యజమాని. ఇక్కడ చాయ్‌ని అలవాటు చేసినవాళ్లలో తేయాకు కంపెనీలూ ఉన్నాయి. 1903 నాటి తేయాకు సెస్సు డబ్బుతో దేశమంతా ప్రచారం సాగింది.

ఇప్పుడు ఖట్టా దగ్గరికొద్దాం. దీని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. నువ్వులు, కొన్ని పల్లీలు, జీలకర్ర దోరగా వేయించి, వెల్లుల్లి, పచ్చిమిర్చితో మెత్తగా నూరి, చింతపండు రసంలో కలుపుతారు. పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర సన్నగా తరిగి వేస్తారు. ఆ వేయింపు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు తప్ప దీనికి పొయ్యితో పని లేదు. తెలంగాణ ఇంట్లో పుట్టిన ఎవరికైనా ఇది చదవగానే అనుమానం రావాలి. నువ్వుల పొడి వేసిన పచ్చిపులుసు కాదూ ఇది? చిక్కదనమే తేడా. పులుసు అన్నంలో ఇంకిపోవాలి, ఖట్టా ఖిచిడీని పట్టుకుని నిలవాలి. ఎవరు ఎవరి దగ్గర నేర్చారో తేల్చే కాగితం లేదు గాని, నా ఓటు పచ్చిపులుసుకే. ఉత్తరాది ఖిచిడీ, ఇరానీల బల్ల, అసోం తేయాకు, మధ్యలో మన చింతపండు. పాతబస్తీ ఇళ్లలో ఖిచిడీ, ఖీమా, ఖట్టా మూడూ కలిపి నాస్తాకు తినడం ఎప్పటి నుంచో ఉన్నదే. హోటలు దాన్ని ఇంటి నుంచే ఎత్తుకుపోయింది. అందుకే దీన్ని మళ్లీ ఇంట్లో చేసుకోవడం కష్టం కాదు.

ఒక్క షరతు. ఇది జ్వరం పడ్డవాడికి పెట్టే జావ ఖిచిడీ కాదు, మెతుకుకు మెతుకు విడివడాలి. రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మసూర్ పప్పు, అరగంట నానబెట్టాలి. నూనెలో షాజీరా, ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి వేగాక పసుపు, పుదీనా వేసి, గ్లాసుకు గ్లాసున్నర నీళ్లు పోసి, చివర సన్న సెగ మీద దమ్ము. ఖీమాలో నీళ్లు మిగలకూడదు. పులుపు పని ఖట్టా చూసుకుంటుంది కాబట్టి అందులో టమాటా గుమ్మరించొద్దు.

ఇంట్లో లొంగనిది చాయ్ ఒక్కటే. హోటల్లో పొడి, నీళ్లు, చక్కెర మూత బిగించిన గిన్నెలో అరగంటకు పైగా సన్న సెగన మగ్గుతాయి. పాలు వేరే గిన్నెలో మరిగి మరిగి చిక్కబడతాయి. రెండూ కలిసేది కప్పులోనే. మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అతికించి ఇంట్లోనూ చేయొచ్చు. అల్లం, యాలకులు మాత్రం దరిచేరనీయకండి. అయినా రోజంతా మరిగే హోటలు పాల చిక్కదనం లీటరు పాలకు రాదు. చాయ్‌తో తినే ఉస్మానియా బిస్కట్ నయం: మైదా, వెన్న, చక్కెర, కాస్త కస్టర్డ్ పొడి, ఉప్పు కొంచెం ఎక్కువగా, పైన కుంకుమపువ్వు పాల పూత.

ఇక్కడి నుంచి కథ వరస తప్పుతుంది. 2010లో ఫలక్‌నుమా ప్యాలెస్ తాజ్ హోటలుగా తెరుచుకుంది. హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు వచ్చిందీ అదే ఏడు. 2017 నవంబరులో ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్‌లతో ఆ 101 కుర్చీల బల్ల మళ్లీ పత్రికలకెక్కింది. ఈలోగా ఇరానీ హోటళ్లు ఒక్కొక్కటే మూతపడి, మూలమీద మందుల షాపులు, సెల్‌ఫోన్ దుకాణాలు వెలిశాయి. 2020 లాక్‌డౌన్‌లో రంజాన్ మాసమంతా హలీం బట్టీలు కూడా వెలగలేదు. కుర్రాళ్లు మందీ తినడానికి బార్కస్ వైపు పోతున్నారు. నేల మీద కూర్చుని పెద్ద పళ్లెం చుట్టూ చేరే ఆ తిండికి యెమెన్ మూలమున్న కుటుంబాల చరిత్ర వేరే ఉంది, దానికి ఇంకో ఆదివారం కావాలి. ఇరానీ చాయ్ పొడి ప్యాకెట్లలో దొరుకుతోంది. వేడినీళ్లలో కలిపితే చాలట. నేను కలపలేదు, కలపను.

ఖట్టా మాత్రం కాస్త ఎక్కువే నూరుకోండి. మధ్యాహ్నానికి ఇంకొంచెం చింతపండు రసం పోసి పలచన చేసి, గుప్పెడు ఉల్లిపాయ ముక్కలు వేస్తే వేడన్నంలోకి పచ్చిపులుసు.